రాణి కోపం

షిఫ్టు దిగాక మిల్లు క్యాంటీనులో తెరుకూత్తు అనే తమిళ వీధినాటకం ఆడించే వాద్యారు మాకు నటన నేర్పేవారు. ఆడవేషాలూ మగవాళ్లమే కట్టేవాళ్లం. వార్షికోత్సవ నాటకంలో రాణి వేషం నాకే రావాలని ఒకటే ఆశ. కానీ తమిళ సంభాషణల్లో నా కోపం పాఠం అప్పజెప్పినట్టుండేది.

"తమిళం వదిలెయ్. ఇంట్లో నిన్నెవరు తిడతారు? వాళ్ల మాదిరి తిట్టు," అన్నారాయన.

పంచె కొంగులా దోపి, "కూడు ఆరిపోతా ఉండాది, దొరగారికి ఇప్పుడు తీరిందా?" అని అచ్చం మా అమ్మలా విరుచుకుపడ్డాను. తెలుగు రాని వాద్యారు కూడా పడీ పడీ నవ్వి, వేషం నాకే ఇచ్చారు.

నాటకంలో మాటలు తమిళమే, కోపం మాత్రం అమ్మది. ముందు వరుసలో కూర్చున్న అమ్మ పక్కావిడతో అంది: "ఏం నోరక్కా ఆ రాణికి! పాపం, ఆ రాజు ఎట్లా వేగుతాడో!"