వణుకుతూ వచ్చిన పులి

2022లో నేను పెనుకొండ దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. ఇల్లు హిందూపురంలో. పొద్దున్నే రైలెక్కి పనికి పోయేదాన్ని. ఆ ఏడాది వానలు దండిగా పడ్డాయి. వానలు పడితే రైతుకు పండగ, ఈగలకు అంతకంటే పెద్ద పండగ. గొర్రెకు ముల్లు గీరుకున్నా చాలు, పుండై పురుగులు పట్టేవి. మా వరండా నిండా గొర్రెలు, మేకలు, ఎనుములే. ఎవరైనా పిల్లిని తెస్తే, దీనికి కూడా డాక్టరు కావాలా అని అక్కడున్న వాళ్ళు నవ్వేవాళ్ళు.

ఈరక్క వచ్చిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. అరవై ఏళ్ళ మనిషి, గొర్రెల మంద ఉన్న ఇల్లు. వెదురు గంప మీద గోనెసంచి కప్పి, రెండు చేతులతో అదిమి పట్టుకుని వచ్చింది. గంప దానంతటదే కదులుతోంది. వెనకే ఆమె కొడుకు హనుమంతు.

"మేడం, దగ్గరికి పోవద్దండి. దీనికి పిచ్చి పట్టిండాది. మాయమ్మను కరిసింది," అని గడప బయటి నుంచే అరిచాడు. ఆ మాటతో వరండాలో వాళ్ళు మేకల్ని లాక్కుని గోడకు అంటుకుపోయారు.

"పిచ్చీ లేదు, గిచ్చీ లేదు," ఈరక్క కొడుకు మీద కసిరింది. "యాడనో కొట్లాడొచ్చింది తల్లీ. పుండు పడి పురుగులు పట్టినాయి. నిన్న బువ్వ తినింది. ఈ పొద్దు తెల్లారినప్పటి నుంచి వణుకుతాండాది."

మందపాటి గ్లవ్స్ వేసుకుని సంచి తీశాను. ఎర్రటి గండుపిల్లి. పేరు పులి అట. పక్కకు పడి ఉంది. చెవులు, మీసాలు, కాళ్ళు ఆగకుండా అదురుతున్నాయి. నోటి నుంచి చొంగ. తోక మొదట్లో నిమ్మకాయంత వాపు, దాని నడుమ పుండు. ఎదురు నిలబడి కొట్లాడిన పిల్లికి గాయాలు మొహం మీద ఉంటాయి, పారిపోయిన పిల్లికి తోక దగ్గర. పులి పారిపోయిందని తెలిసిపోయింది గానీ, ఈరక్కకు ఆ సంగతి చెప్పలేదు.

పిల్లి కోర సూది లాంటిది. చర్మంలో చిన్న బెజ్జం చేసి క్రిముల్ని లోపల వదిలేస్తుంది. బెజ్జం పైన మూసుకుపోతుంది, లోపల చీము కడుతుంది. దీన్ని యాబ్సెస్ అంటాం. అది మాకు రోజూ చేసే పనే. కానీ ఆ వణుకు యాబ్సెస్ వల్ల వచ్చేది కాదు. వణుకు, చొంగ, కరవడం, మూడూ కలిస్తే ఏ డాక్టరుకైనా ముందు గుర్తొచ్చేది రేబిస్. అదే అయితే పిల్లి బతకదు. కరిపించుకున్న మనిషి సూది వేయించుకోకపోతే ఆమె కూడా బతకదు. నాకు భయం వేసింది.

ఈరక్క చేతిని కుళాయి కింద పెట్టి సబ్బుతో బాగా కడిగించి, వెంటనే పెద్దాసుపత్రికి పోయి సూది వేయించుకోమన్నాను.

"నేను పోనమ్మా. నేనట్ల పోతానే వీడు దీన్ని గుంత తీసి పూడుస్తాడు."

"పూడ్సకుండా ఏం జేయల్ల? ఇంట్లో పసిబిడ్డ ఉండాది," అన్నాడు హనుమంతు. అతని మాటలో తప్పు లేదు. ఆమె మొండితనం చూసి మాత్రం నాకు ఒళ్ళు మండింది.

ఆమె మీద అరవబోయి, ఆపుకుని పిల్లి మీదికి వంగాను. చీము కంపు నాకు అలవాటే. దాంతో పాటు కిరసనాయిలు లాంటి ఘాటు వాసన తగిలింది. పుండు చుట్టూ బొచ్చు తెల్లగా, జిడ్డుగా అట్టకట్టి ఉంది.

"ఈరక్కా, పుండుకు ఏం పెట్టినావు?"

"పసుపు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

హనుమంతు కల్పించుకున్నాడు. "మాయమ్మ చెయ్యి పడితే పురుగు నిలబడదు మేడం. చుట్టుపక్కల ఊర్ల గొర్రెలకంతా ఈమే తీస్తాది."

అంత గాబరాలోనూ ఈరక్క మెడ కాస్త నిటారుగా లేచింది. నేను అడిగే తీరు మార్చాను. "గొర్రెలకు ఎట్ల తీస్తావు?"

"అదేముండాది తల్లీ. గొర్రెల ఒంటికి పట్టే పిడుదులకు కొట్టే మందు నీళ్ళలో కలిపి పుండులో పోస్తే పురుగులన్నీ పైకొస్తాయి."

"పులికి గూడ అదే పోస్తివా?"

"పోసినా. చిన్న పానం గదా, నీళ్ళు కలపకుండా కొంచెమే పోసినా."

గొర్రె ఒళ్ళు ఆ మందును విరిచేసుకుంటుంది. పిల్లి ఒంటికి ఆ శక్తి లేదు. మందు నరాలకెక్కి, ఒళ్ళంతా ఎడతెగని అదురు పడుతుంది. ట్రెమర్స్ అంటాం. నీళ్ళు కలపకుండా పోస్తే కొంచెమైనా ప్రాణం తీస్తుంది. ఆ మాట చెప్పాను. ఈరక్క తన అరచేతుల వైపు చూసుకుంది.

"నా చేత్తోనేనా?" అంది.

"విషమైతే విరుగుడు చూస్తా. అయినా రేబిస్ లేదని ఇప్పుడే చెప్పలేను. నువ్వు పోయి సూది వేయించుకో. నువ్వొచ్చే దాకా దీని మీద ఎవరూ చెయ్యెయ్యరు. ఇది నా మాట."

కొడుకు బండెక్కి ఆమె పోయింది. మాట ఇచ్చేశాను గానీ, పిల్లి నిలుస్తుందన్న నమ్మకం నాకే లేదు.

మందు ఇంకా ఒంట్లోకి ఇంకుతూనే ఉంది కాబట్టి ముందు దాన్ని కడగాలి. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్ళు. అటెండరు, నేను కలిసి కడిగి తుడిచాం. నరంలోకి వణుకు తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చాను. కాసేపు అణిగి, ముందుకంటే గట్టిగా మళ్ళీ మొదలైంది. డోసు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, తక్కువైతే ఆ అదురుకే ఒళ్ళు కాలిపోతుంది. కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ, సెలైన్ పెట్టి, దాని డొక్క లేచి పడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. ఒకసారి డొక్క కదలలేదు. అటెండరు దాని ఛాతీ మీద గట్టిగా రుద్దితే మళ్ళీ కదిలింది.

మధ్యాహ్నానికి కాళ్ళ అదురు ఆగి, మీసాలకు మాత్రం మిగిలింది. అప్పుడు పుండు పని పట్టాను. బొచ్చు గొరిగి, వాపును కోసి, చీము పిండి, మిగిలిన పురుగుల్ని ఫోర్సెప్స్‌తో ఏరి, సెలైన్‌తో కడిగాను. కుట్లు వేయలేదు. వేస్తే చీము మళ్ళీ లోపలే మూలుగుతుంది.

ఈరక్క తిరిగొచ్చి గడప దగ్గరే నిలబడింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. రమ్మంటే రాలేదు.

"నేను ముట్టుకోనమ్మా," అంది.

నాకు ఏడుపొచ్చింది. పులిని బోనులో ఉంచి పది రోజులు గమనించాం. వణుకు తిరిగి రాలేదు, గాయం లోపలి నుంచి పూడుకుంటూ వచ్చింది. రేబిస్ కాదని తేలింది. ఈరక్క రోజూ వచ్చి దూరంగా కూర్చునేది. చివరి రోజు బోను తలుపు తీస్తే, పులే నడిచి పోయి ఆమె ఒళ్ళో పడుకుంది. ఆమె అప్పుడు గానీ చేతులు బయటికి తీయలేదు.

అప్పటి నుంచి ఏం మందు వేశారని నేను ఎవరినీ అడగడం లేదు. ఇంట్లో గొర్రెలకు ఏం చేస్తారు, బిడ్డలకు ఏం చేస్తారు అని అడుగుతాను. రోజూ చేతిలో ఉండేదాన్ని ఎవరూ మందు కింద లెక్కపెట్టరని ఆ కేసు నేర్పింది.

కొన్నాళ్ళకు వాళ్ళ ఊళ్ళో గొర్రెలకు నట్టల మందు తాగించే క్యాంపు పెట్టాం. పిడుదుల మందు పిల్లులకు విషమని నేను చెబుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. నలుగురు బీడీలు వెలిగించుకున్నారు. ఈరక్క లేచి నిలబడింది. మాట్లాడమని ఎవరూ ఆమెను అడగలేదు.

"మేడం జెప్పేది ఇనండి. మా పులికి పురుగులు పడితే ఆ మందు పోసి సావు దాకా దీసకపోయింది ఈ చెయ్యే," అని, ఊరందరూ నమ్మే ఆ చేతిని పైకెత్తి చూపించింది.

బీడీలు ఆరిపోయాయి.