చెవిలో అడిగే మాట

మీర్‌పేట్‌లో మా గల్లీ చివర ఒక పిండిగిర్నీ ఉంది. ఏడాది పొడుగునా దాని ముందు నుంచే కూరగాయలకూ బస్సుకూ పోతుంటాను, పెద్దగా పట్టించుకోను. బతుకమ్మ పండుగ దగ్గరపడి, ఎవరో ఒకామె వేయించిన మక్కలు, మొక్కజొన్న గింజలు, డబ్బాలో తెచ్చి పట్టించిందంటే మాత్రం నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. వేడి వేడిగా జారే ఆ మక్కపిండి వాసన, కమ్మగా, అడుగున కొంచెం మాడినట్టు, ముక్కుకు తగలగానే వయసు మరిచిపోయి నిలబడిపోతాను. గిర్నీ అతను తల ఎత్తి "ఏం పట్టాలక్కా?" అంటాడు. నా చేతిలో ఏమీ ఉండదు. "ఏం లేదు" అని ముందుకు నడుస్తాను.

ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో ఆ వాసన ఇసుర్రాయి దగ్గర పుట్టేది. వానలు వెనకబట్టి, చెరువు నిండి, కట్ట మీది నుంచి వచ్చే గాలిలో పాచివాసనా చేపలవాసనా కలిసి ఉండే రోజులవి. పిల్లలమంతా పొద్దున్నే ఊరి బయటి బోడు గుట్టల మీదికి పోయి తంగేడు కోసుకొచ్చేవాళ్లం. గునుగుపూల కొసలను రంగునీళ్లలో ముంచి ముంచి, మా వేళ్లు పండుగ పోయినా ఊదాగానో ఎర్రగానో ఉండేవి. బళ్లో పంతులమ్మ చేతులు చూసి తిట్టేది, ఆమె వేళ్లు కూడా అదే రంగులో ఉన్నాయని మేము వెనక నవ్వుకునేవాళ్లం. ఇంట్లో అమ్మ మూకుట్లో మక్కలు వేయించి తెల్లటి పాత ధోవతి మీద ఆరబోసేది. పల్లీలు, నువ్వులు వేరే వేరే కుప్పలు. వాటి చుట్టూ ఈగల్లాగ తిరిగే మమ్మల్ని తోలడానికి నాయినమ్మ చేతిలో ఎప్పుడూ ఒక చీపురుపుల్ల ఉండేది, కానీ అది ఎవరికీ తగిలినట్టు నాకు గుర్తు లేదు.

సత్తుపిండికి ఇవన్నీ సిద్ధమయ్యాక కూడా అమ్మ ఇసుర్రాయి ముట్టేది కాదు. యాదమ్మత్త రావాలి.

యాదమ్మత్త మా బాపుకు చెల్లెలు. మహేశ్వరంలో ఇచ్చారు. ఆమె బస్సు దిగిందంటే మాకు ముందుగా గొంతు వినపడేది. గల్లీ మొదట్లో ఉన్న ఇంటివాళ్లను పలకరించి, వాళ్ల బర్రెను పలకరించి, ఎవరో పిల్లవాడి ముక్కు తుడిచి, మా వాకిట్లోకి వచ్చేసరికి ఎంతసేపయ్యేదో. వచ్చీరాగానే సంచి మా మీద పడేసి, కాళ్లైనా కడుక్కోకుండా "వదినె, రాయి కడిగినవా?" అనేది. అమ్మ అప్పటికే ఇసుర్రాయికి రెండు వైపులా గోనెసంచులు పరిచి ఉంచేది.

మా ఇంట్లో ఆ రాయి దగ్గర ఒక పాట ఉండేది. దానికి పేరు లేదు. ఊళ్లో వేరే ఎవరూ పాడగా నేను వినలేదు. అది ఇంటి ఆడపడుచుకూ ఇంటి కోడలికీ మధ్య నడిచే మాట. అడగడం ఆడిబిడ్డ వంతు, చెప్పడం కోడలి వంతు. పుట్టింటి నుంచి వెళ్లిపోయిన పిల్ల, తాను లేనప్పుడు ఇక్కడ ఏమేం జరిగాయో అడుగుతుంది. తాను పుట్టి పెరిగిన ఇంటి సంగతులు పరాయి ఇంటి నుంచి వచ్చినామెను అడిగి తెలుసుకోవాలి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని ఒకే పిడిని రెండు చేతులతో పట్టుకొని తిప్పుతుంటే, రాయి అత్తవైపు వచ్చినప్పుడు ప్రశ్న, అమ్మవైపు తిరిగినప్పుడు జవాబు.

"వాకిట్ల తంగేడు పూసిందా వదినె?"

"పూసింది ఆడిబిడ్డా, నీ తొవ్వ జూసింది."

"కర్రావు ఈనిందా వదినె?"

"ఈనింది ఆడిబిడ్డా, నీకు జున్ను దాసిన."

"మా అమ్మ కండ్లకు నీళ్లొచ్చెనా వదినె?"

"పొయ్యిల పొగ ఆడిబిడ్డా, పొయ్యిల పొగ."

ఇక్కడికి వచ్చేసరికి నాయినమ్మ జల్లెడ పట్టడం ఆపి కొంగుతో ముక్కు తుడుచుకునేది. తానూ ఒకప్పుడు ఆ జవాబులు చెప్పిన కోడలే. వాటిని అమ్మకు నేర్పిందీ ఆమే. నేర్పడమంటే కూర్చోబెట్టి చెప్పడం కాదు. ఆడిబిడ్డ వచ్చి అడుగుతుంటే, పాత కోడలు జవాబు చెప్తుంటే, కొత్త కోడలు వెనక కూర్చొని వినాలి. అడిగేవాళ్లు రాకపోతే చెప్పేది ఎవరికీ అబ్బదు.

అన్నిటికన్నా మమ్మల్ని ఊరించింది ఆఖరి ప్రశ్న. అది వచ్చేసరికి ఇద్దరూ రాయి ఆపేవారు. గరగరమనే చప్పుడు ఆగేసరికి ఇల్లంతా నిశ్శబ్దమయ్యేది. అప్పుడు అత్త రాయి మీదుగా ముందుకు వంగి, అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అడిగేది. ఒక్కసారే అడగాలి, రెండోసారి అడగరాదు. అమ్మ మాత్రం ఆ జవాబును నలుగురికీ వినపడేటట్టు, గొంతెత్తి చెప్పేది.

"ఉన్నది ఆడిబిడ్డా, ఉన్నది."

ఏమున్నది? దాని మీద మా పిల్లల మధ్య పెద్ద పంచాయితీ. అన్న బెల్లం అనేవాడు. ఉట్టి మీద వెన్న అని నేను. ఒక ఏడాది అయితే అటక మీద బంగారమే ఉందని తేల్చుకొని, నిచ్చెన వేసి ఎక్కి, బూజూ పాత లాంతరూ తప్ప ఏమీ దొరకక, దిగేటప్పుడు నిచ్చెన జారి అన్న పన్ను విరగ్గొట్టుకున్నాడు. అరుగు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చున్న బాపుకు ఇవేవీ పట్టేవి కావు. "ఉన్నది" అని అమ్మ గొంతు వినపడగానే లోపలికి కేకేసేవాడు. "అయ్యిందా మీ కచేరి? సత్తుపిండి ఇంత తెస్తరా లేదా?"

నేను ఒకసారి పెరట్లో సీసామూతలతో ఉత్తుత్తి ఇసుర్రాయి పెట్టుకొని, అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే అయి పాడుతుంటే అమ్మ పరుగెత్తుకొచ్చి నా నోరు మూసింది. "రెండు నువ్వే అనకు బిడ్డా. ఆడిదే అడిగి ఆడిదే చెప్పుకుంటె దానికి తల్లిగారిల్లు లేనట్టు" అంది. ఆ రోజు ఎందుకు అంత భయపడిందో నాకు అర్థం కాలేదు. నేను ఏడుస్తుంటే అత్త ఒళ్లోకి తీసుకొని సత్తుముద్ద నోట్లో పెట్టింది. "నీకెందుకే తొందర? నీ పెండ్లయి తల్లిగారింటికి మొదటిసారి వచ్చిననాడు నేనే చెవుల చెప్త" అని మాటిచ్చింది.

ఆ తర్వాత మా దిక్కు భూములకు రెక్కలొచ్చాయి. రోడ్డు పక్కనున్న మా చెలకను బాపు ప్లాట్లవాళ్లకు అమ్మాడు. నాయినమ్మ అప్పటికి లేదు. అమ్మకం సంగతి చెల్లెలికి చెప్పాలని బాపుకు తోచలేదో, తోచినా చెప్పలేదో, నాకు తెలియదు. ఆ ఏడాది బతుకమ్మకు బస్సులో వస్తున్న అత్త కిటికీలోంచి చూసింది. తాను పుట్టెడు కందికాయ ఒలిచిన చెలకలో సున్నం పూసిన హద్దురాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి.

ఆ రోజు గల్లీ మొదట్లో గొంతు వినపడలేదు. గడప బయటే నిలబడింది. అమ్మ చెంబుతో నీళ్లిస్తే చేతిలోకి తీసుకొని, తాగకుండా గడప మీద పెట్టింది.

"చెలక అమ్మొద్దంటుంటినా అన్నా? ఒక్కమాట అడగకపోతివి" అంది.

బాపుది మగవాడి మొండితనం. "నిన్నెందుకడగాలె? ఇచ్చిన ఇంటికి పోయినదానివి" అన్నాడు.

ఆ మాట అన్నందుకు మా బాపును నేను ఈనాటికీ పూర్తిగా క్షమించలేదు. అత్త ఒక్క క్షణం అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ నోరు తెరిచి, భర్త వైపు చూసి, మూసుకుంది. అత్త వెనక్కి తిరిగింది. లోపల ధోవతి మీద మక్కలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

ఆమె మళ్లీ రాలేదు. అమ్మ మనిషిని పంపింది, తానే రెండుసార్లు మహేశ్వరం పోయి వచ్చింది. అత్త అన్నం పెట్టి, చీర పెట్టి పంపేది కానీ "వస్త" అనేది కాదు. ప్రతి పండుగకూ అమ్మ మాత్రం ఇసుర్రాయి కడిగి రెండు వైపులా గోనెసంచులు పరిచేది. ఎదుటి సంచి ఖాళీగా ఉండేది. ఒక్కతే రాయి తిప్పుతూ తన వంతు మాత్రమే పాడేది. పూసింది ఆడిబిడ్డా. దాసిన ఆడిబిడ్డా. ప్రశ్న ఉండాల్సిన చోట రాయి చప్పుడొక్కటే. చివరికి రాయి ఆపి, కొంచెంసేపు చెవి ముందుకు పెట్టినట్టు వంగి కూర్చొని, "ఉన్నది" అనకుండానే లేచి పిండి ఎత్తేది.

నా పెళ్లికి అత్త రాలేదు. పెళ్లయి మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు నేను అమ్మను పట్టుకున్నాను. "నువ్వన్న చెప్పమ్మా. ఆఖరికి ఏమడుగుతది?"

"అది నాది కాదు బిడ్డా. ఆడిబిడ్డ మాట ఆడిబిడ్డే చెప్పాలె. నేను చెప్పిన్ననుకో, మీ అత్త ఇంక రాదని నేనే ఒప్పుకున్నట్టు."

"వస్తదా మరి?"

"వస్తది" అంది అమ్మ. అంత నమ్మకంగా అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, అందుకే అది నమ్మకమే అనుకుంటాను.

అన్నకు పెళ్లయింది. వదినె మంచి మనిషి, ఆదిబట్ల వైపు ఒక కంపెనీలో పనిచేస్తుంది, నేను పోతే సంబరపడుతుంది. కానీ ఆమె వెనక కూర్చొని వినడానికి ఆ రాయి దగ్గర అడిగేవాళ్లు లేరు, ప్రశ్న లేని అమ్మ జవాబులే ఉన్నాయి.

అత్త వచ్చింది. అమ్మ పోయిన రోజు వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకొని ఆటో దిగి, ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్య నుంచి నడిచి అమ్మ తలాపున కూర్చుంది. ముసలిదైపోయింది, చెవులు వినపడటం లేదు. శోకం పెట్టలేదు. అమ్మ చేతిని తన చేతిలోకి తీసుకొని, పిడి పట్టినట్టు పట్టుకొని, మెల్లగా, రాగం తీసి, తంగేడు సంగతి అడిగింది. ఆవు సంగతి అడిగింది. ఒక్కో ప్రశ్నకూ ఆగింది. ఏడుస్తున్న వాళ్లంతా ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. తర్వాత ముందుకు వంగి, అమ్మ చెవికి నోరు ఆనించింది.

చెవుడున్నవాళ్లకు తమ గొంతు తమకు తెలియదు. గుసగుస అనుకొని ఆమె అడిగిన మాట వాకిలంతా వినపడింది.

"నేనొస్తె ఈ ఇంట్ల నాకింత జాగ ఉన్నదా వదినె?"

బెల్లం కాదు, వెన్న కాదు, బంగారం కాదు. అన్నేళ్లూ మా అత్త, అంత గొంతున్న మనిషి, అంత నవ్వే మనిషి, పండుగ పండుగకూ వంగి అడిగింది ఇది. ఆడపిల్ల పుట్టింట్లో పైకి అడగలేని మాట కాబట్టి చెవిలో అడిగింది. నలుగురి ముందు ఒప్పుకోవాల్సిన మాట కాబట్టి మా అమ్మ గొంతెత్తి చెప్పింది. అత్త తన చెవిని అమ్మ నోటి దగ్గర పెట్టి అట్లాగే ఉండిపోయింది.

గుంజను పట్టుకొని నిలబడ్డ బాపు అప్పుడు అన్నాడు. "ఉన్నది చెల్లె. ఉన్నది." నేలను చూస్తూ అన్నాడు. ఆమెకు వినపడలేదు.

తర్వాత నేను ఆమె చెవి దగ్గర అరిచి చెప్పాను. "అత్తా, ఉన్నదన్నడు బాపు!" ఆమె నా చెంప నిమిరింది. "మీ బాపును నేనడగలే బిడ్డా. మా వదినెను అడిగిన" అని ఆటో ఎక్కింది. తర్వాతి బతుకమ్మకు ఆమె లేదు. మరి కొన్నాళ్లకు బాపూ లేడు.

ఇప్పుడు మా ఇల్లున్న చోట అపార్ట్‌మెంట్ ఉంది, అందులో అన్నకు ఒక ఫ్లాటు వచ్చింది. ఇసుర్రాయి పైబిళ్ల ఇల్లు కూలగొట్టినప్పుడు ఎటో పోయింది. కిందిబిళ్ల గేటు దగ్గర వాచ్‌మన్ బకెట్ కింద ఉంది. ఈసారి పండుగకు పోయినప్పుడు ఆ బకెట్ పక్కకు జరిపి, చేత్తో తడిమి, మళ్లీ పెట్టి మెట్లెక్కాను. వదినె వంటింట్లో మిక్సీలో మక్కలు పడుతోంది. అదే వాసన. ఆమె వీపు నావైపు ఉంది, మెడ మీద చెమట, కొప్పులో నా కోసం కూడా తెచ్చి పెట్టిన పూలలో సగం. ఒక్కసారి అడగాలనిపించింది. అడిగే హక్కు నాది, ఈ ఇంటి ఆడిబిడ్డను నేనే. దగ్గరికి పోయి, చెవి దగ్గరికి వంగి, అత్త అడిగినట్టే అడిగాను.

రాయి ఆగాక అడగాలి. మిక్సీ ఆగేదాకా నేను ఆగలేకపోయాను.

వదినె బటన్ నొక్కి ఆపి, నవ్వుతూ నా వైపు తిరిగింది. "ఏమన్నవ్? ఇనవడలే."

రెండోసారి అడగరాదు. "ఏం లేదు" అన్నాను. ఆమె నా చేతిలో వెచ్చటి సత్తుముద్ద పెట్టింది. తిన్నాను. బాగుంది. సాయంత్రం ఉండమంది, ఉండలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. చెలక ఉన్న చోట ఇళ్లమీద ఇళ్లు పోతున్నాయి. పక్కసీటులో ఎవరూ లేరు. మీర్‌పేట్ దిగేదాకా అడిగిందీ నేనే, ఉన్నదని చెప్పుకున్నదీ నేనే. నా నోరు మూయడానికి అమ్మ లేదు.