నేను రాసిన జెండాల పుస్తకం

మా చెల్లెలి మనవరాలు పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చి పదిరోజులుంది. వచ్చింది కదా అని సంబరపడితే, పొద్దున్న తొమ్మిదింటికల్లా ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని కూర్చునేది; పలకరిస్తే చెవుల్లోంచి ఆ పూసలు తీసి, ఒక్క నిమిషం తాతయ్యా అని మళ్లీ పెట్టుకునేది. ఆ ఒక్క నిమిషం అయ్యేసరికి నాకు భోజనమూ కునుకూ కూడా అయిపోయేవి. ఒకరోజు పట్టుబట్టి, నువ్వు చేసే పనేమిటో నాకు అర్థమయ్యేలా చెబితే గాని కాఫీ లేదన్నాను. పాపం, కాఫీ కోసం చెప్పింది. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కి కెర్నెల్ అని ఒక గుండెకాయ ఉంటుందట. లోపల నడిచే పనులకు దానినుంచి సిగ్నళ్లు అందుతుంటాయట. ఏ సిగ్నల్ వస్తే ఏం జరగాలో చూసుకునే ఫంక్షన్లు వేరే ఉంటాయట. కొన్ని వస్తే చేతిలో పని ముగించుకుని చూసుకోవచ్చు, కొన్నిటిని విననట్టే వదిలెయ్యవచ్చు, ఒకటి రెండు మాత్రం వచ్చాయంటే ఎక్కడి పని అక్కడ ఆగిపోవలసిందే. ఆ ఫంక్షన్లు ఎలా పనిచేస్తాయో తర్వాత వచ్చేవాళ్లకోసం రాసిపెట్టడం తన ఉద్యోగమంది. ఓస్, ఈ ఉద్యోగం నేను ఆరో తరగతి చదువుతో వెలగబెట్టాను అన్నాను. తాతయ్య మళ్లీ మొదలెట్టాడనుకుని నవ్వింది. నేను చెప్పింది నిజమే, కాకపోతే సగం చెప్పి ఊరుకున్నాను. మిగతా సగం, నా ఈడువాళ్లు మీరు గనుక, మీకు చెబుతాను.

తుంగభద్ర కాలువ కొత్తల్లో కోస్తానుంచి సింధనూరు వైపు వచ్చినవాళ్లు మీలో ఉంటే, ఆ నల్లరేగడి ఎంత బోసిగా ఉండేదో గుర్తుండే ఉంటుంది. మా నాన్న మమ్మల్ని గోరేబాళ దగ్గర ఒక క్యాంపుకి, అంటే మనవాళ్లు కట్టుకున్న కొత్త ఊరికి, తెచ్చి దింపేనాటికి నేను ఆరో తరగతి. క్యాంపులో బడి లేదు. బడి లేదని మా అమ్మ ఏడ్చింది గాని నేను ఏడవలేదు. కొన్నేళ్లు పొలంలో మా నాన్నని నవ్విస్తూ, తన్నులు తింటూ గడిపి, ఇరవై దాటాక పిల్లకాలువ మీద లష్కరుగా కుదిరాను. లష్కరంటే పేరు గంభీరమే గాని, చేతిలో కత్తీ లేదు డాలూ లేదు, గేటు చక్రం తిప్పి నీళ్లు వదలడం, కట్టడం అంతే. క్యాంపు అక్కడికి నాలుగు మైళ్లు. గేటు పక్కన ఒక రేకుల గది, ఒక తుమ్మచెట్టు, అటూ ఇటూ చూపు ఆనినంత మేర నేల. నేను ఊరందరినీ నవ్వించేవాణ్ణి. అక్కడ వినేవాడు లేక, ఒక్కోరోజు తొండకి హాస్యాలు చెప్పేవాణ్ణి. తొండ తల ఊపేది. అంత మర్యాదస్తుణ్ణి మళ్లీ చూడలేదు.

నాకు మైలు ఎగువన, కాలువ మొదట్లో, ఇంకో గేటు. దాని లష్కరు రాయచూరు దగ్గరి యరగేరవాడు, యాభై దాటిన మనిషి, భార్య పోయి ఒంటరివాడు. మా వైపు బాబాయి అనవలసినవాణ్ణి ఇక్కడివాళ్లలాగే కాకా అనేవాణ్ణి. మా ఇద్దరి మధ్య మాటలన్నీ జెండాలతోనే. ఎర్రజెండా ఎత్తితే నీళ్లు తగ్గించమని, పచ్చది ఎత్తితే పెంచమని, తెల్లది ఎత్తితే సంగతి అందిందని. ఎర్రదీ తెల్లదీ కలిపి ఎత్తితే ఎక్కడో కట్ట తెగిందని. అప్పుడు నోట్లో ముద్ద కూడా మింగకుండా గేటు దించెయ్యాలి.

ఒకనాడు నేను ఎర్రజెండా ఎత్తి ఎంతసేపు నిలబడ్డా పైనుంచి జవాబు లేదు. భయపడి కట్టవెంట పరుగెత్తాను. చూద్దును గదా, కాకా గేటు మీద కూర్చుని, చెయ్యి నుదుట పెట్టుకుని, సరిగ్గా నా వైపే చూస్తున్నాడు.

"జెండా ఎత్తినవా పిల్లగా? దుమ్ము లేసింది గద, కనబడలే" అన్నాడు.

ఆకు కదలడం లేదు ఆరోజు. నేను చక్రం తిప్పడం మొదలుపెడితే, తానూ ఒక చెయ్యి వేసి, కాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు: "కండ్ల నజర్ జర ఎన్కకు పోయింది. ఓవర్సీరు సాబుకు ఎర్కయితే ఇంటికి తోల్తడు. ఇంట్ల ఎవరున్నరు నాకు? జెప్పకు బిడ్డా."

"నేనెందుకు చెప్తాను కాకా" అన్నాను.

ఆ మర్నాడే నా తుమ్మచెట్టుకి ఒక రైలుపట్టా ముక్క వేలాడదీశాను. ఒక దెబ్బ కొడితే పెంచమని, రెండయితే తగ్గించమని, ఆగకుండా కొడితే దించెయ్యమని. ఆయన చెవులు కుందేలు చెవులు. జవాబుగా ఆయన తెల్లజెండా ఎత్తేవాడు. నా కళ్లకేం, గద్దకళ్లు. మధ్యాహ్నం మూడు దెబ్బలు నెమ్మదిగా కొడితే అన్నం తిన్నావా అని అడిగినట్టు. దానికీ తెల్లజెండా లేచేది. రోజు మొత్తంలో నన్ను ఒక మనిషి లెక్కలోకి తీసుకున్నాడనడానికి నాకున్న గుర్తు అదొక్కటే. రెండేళ్లు అలా నడిచింది, ఒక్కసారి కూడా పొరపాటు రాలేదు.

పొరపాటు ఇంకో కాలువమీద వచ్చింది. కొత్తగా చేరిన లష్కరు ఒకడు జెండా అర్థం తెలియక, దించవలసిన గేటు ఎత్తేస్తే ఎవరిదో నారుమడి మునిగిపోయింది. అప్పుడు మా ఓవర్సీరు, జెండాల సంగతి నోటిమాటగా ఉంటే లాభం లేదు, అన్నీ రాసిపెట్టాలన్నాడు. లష్కర్లలో గుండ్రంగా రాయగలవాణ్ణి నేనే అయ్యాను. గీతల నోటుబుక్కు ఇచ్చి పదిహేను రోజులు గడువు పెట్టారు. గేటు గేటుకీ తిరిగి, ఏ జెండా ఎవరు ఎత్తుతారు, చూసినవాడు ఏం చెయ్యాలి, ఎంతలోగా చెయ్యాలి, ఒక పనిమీద ఉండగా రెండో జెండా లేస్తే ఏది ముందు, అన్నీ అడిగి రాసుకున్నాను. మనిషితో మాట్లాడక మొహం వాచినవాణ్ణి, ఆ పదిహేను రోజులూ నాకు పెళ్లిసందడే. బడి వదిలిన తర్వాత కలం పట్టడం అదే మొదలు. పట్టగానే చేతికి మదమెక్కింది. ఉత్తగా రాస్తే ఏం బాగుంటుందని అక్కడక్కడా చమత్కారాలు చేర్చాను. మూడు దెబ్బల సంగతి కాలువ పని కాదని వదిలేశాను. మా పై గేటు దగ్గరికి వచ్చేసరికి, అక్కడ ఇనుము కొట్టవలెను అని రాసి ఊరుకుంటే పోయేది. నేను రాసింది ఇది: "పై గేటు వారికి జెండా ఎత్తినా ఒకటే, పంచె ఆరవేసినా ఒకటే, కావున ఇనుము కొట్టవలెను."

రాసి, చదువుకుని, ఒక్కణ్ణే పడి పడి నవ్వాను. కాకాకి ఇచ్చిన మాట నాకు ఆ క్షణాన గుర్తుకు రాలేదని చెబితే మీరు నమ్ముతారో లేదో. నేను చూసింది వాక్యాన్ని. అందులో ఉన్న మనిషిని చూడలేదు.

ఆఫీసులో గుమాస్తా పైకి చదివాడు, అందరూ విరగబడి నవ్వారు. ఓవర్సీరూ నవ్వాడు. తర్వాత పుస్తకం తాను తీసుకుని, ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఏనప్పా, ఇదు నిజానా?" అన్నాడు. ఏమయ్యా, ఇది నిజమేనా అని. ఉత్త హాస్యానికి రాశానంటే సరిపోయేది. జీవితంలో అబద్ధం ఆడవలసిన సమయం ఒక్కటే వచ్చింది, అప్పుడే నాకు హాస్యం తోచలేదు.

కాకాని రాయచూరు తీసుకువెళ్లి కళ్లు చూపించారు. వారం తిరక్కుండా ఇంటికి పొమ్మన్నారు. ఆయన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని కట్టవెంట వస్తుంటే దూరాన్నే చూశాను. చూసి, కాలువలో నాచు తియ్యాలన్న సాకుతో కిందికి దిగిపోయాను. ఆయన నా గది ముందు నిలబడి రెండుసార్లు పిలిచాడు. కట్ట చాటున మోకాల్లోతు నీళ్లలో నిలబడి విన్నాను.

ఆయన చోటికి వచ్చినవాడు మంచి చూపున్న కుర్రాడు, పుస్తకం ప్రకారం అన్నీ చేసేవాడు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక మూడు దెబ్బలు కొట్టాను. సైకిలేసుకుని వచ్చి, ఇదేమిటి, పుస్తకంలో లేదే అన్నాడు. పొరపాటున కొట్టానన్నాను. మళ్లీ కొట్టలేదు.

వేసవిలో కాలువకి నీళ్లు కట్టేశాక రాయచూరు వెళ్లి, అక్కడినుంచి యరగేర బస్సెక్కాను. కాకా తమ్ముడి ఇంట్లో, పశువుల పాక పక్కన మంచం మీద ఉన్నాడు. నా గొంతు విని గుర్తుపట్టాడు.

"ఏంది పిల్లగా, గిప్పుడు యాదికొచ్చిన్నా? పుస్తకం రాస్తివంట గద. తెచ్చినవా? చదువు, ఇందాం."

నా చిత్తుప్రతి సంచిలోనే ఉంది. దాన్ని ముందుపెట్టుకుని తప్పు ఒప్పుకోవాలనే తెచ్చాను. మొదటినుంచీ చదివాను. చమత్కారం వచ్చినచోటల్లా ఆయన పకపకా నవ్వుతుంటే నాకు ధైర్యం జారిపోయింది, మా పై గేటు పేజీ రాగానే తిప్పేశాను. చివరిదాకా విని, "మన గేటుది రాకపాయె గద?" అన్నాడు.

"మనది రాయలేదు కాకా."

మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత చెయ్యి చాచి, తడుముకుని, నా భుజం పట్టుకున్నాడు. "నాకెర్కే. నువ్ రాయవు. మాటిచ్చినోడివి గద. ఎవడో దొంగ నా కొడుకు చెప్పిండు సాబుకు."

నిజంగానే నమ్మాడో, తెలిసే నన్ను గట్టున పడేశాడో ఇప్పటికీ తెలియదు. ఆయన పోయినప్పుడు కూడా నాకు కబురు రాలేదు.

ఇప్పుడు ఆ కాలువ మీద జెండాలు లేవు. లష్కరు జేబులో ఫోను మోగుతుంది, నీళ్లు పెంచమంటే పెంచుతాడు, తగ్గించమంటే తగ్గిస్తాడు. కళ్లు ఎలా ఉన్నా పని ఆగదు. ఆనాడు అది ఉంటే కాకా ఇంకో ఏడెనిమిదేళ్లు ఆ గేటు మీదే కూర్చునేవాడు. నాలుగు మైళ్ల దూరాన ఉన్న క్యాంపు పెరిగి పెరిగి నా పాత రేకుల గది దాకా వచ్చింది. చుట్టూ వరి, ఇళ్లు, మనుషులు. నేనున్నచోట ఎవరూ నవ్వకుండా లేచి వెళ్లరని మా వాళ్లకు గొప్ప. ఈ సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దీన్ని నవ్విస్తూ చెప్పడం నా వల్ల కాలేదు. మరోలా చెప్పడం నేను నేర్చుకోనేలేదు.