ఆరు రోజులు చూసిన కత్తి

పోయిన మాఘమాసంలో, రెండో ఆదివారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు, కొండాపూర్ దగ్గర మా బావ మామిడి తోటలో కత్తి విరిగింది. టైము ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, అప్పుడే మా ఫ్యాక్టరీ ఇన్స్పెక్టరు సారు భార్య పొయ్యి దగ్గర నుంచి, "ఏడున్నరకల్లా టీ అయిపోవాలి, పుల్లలు జల్దీగా ఇవ్వండి అన్నయ్యగారూ" అంది. ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఉండి ఆమెకూ మా జల్దీ అంటుకుంది. నేను చేతి గడియారం చూసుకున్నాను. తర్వాత కట్టె మీద కత్తి పెట్టి, దాని వెన్ను మీద ఇంకో కట్టెతో కొట్టాను.

విరిగిన సంగతి తర్వాత రాస్తాను. ముందు ఆ కత్తి నా చేతికి ఎలా వచ్చిందో రాయాలి.

మా సొంతూరు కర్దనూరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు పని చేశాను. ఇనుముకు రంధ్రాలు వేసే పనిముట్లు అక్కడ తయారయ్యేవి. వాటిని ఫర్నేసులో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచేవాళ్లు. చివరి పని నాది. ఒక్కో ముక్క మీద ఆకురాయితో గీసి చూడాలి. ఆకురాయి జారిందంటే ముక్క గట్టిది, పాసు. కొరికిందంటే మెత్తనిది, ఫెయిలు. పాసైన ముక్క ఎక్కడికి పోయేదో, ఎవరి చేతిలో ఎలా పని చేసేదో మాకు తెలియదు. విరిగినవి మా దగ్గరికి తిరిగి వచ్చేవి కావు.

మా షాపు, అంటే ఫ్యాక్టరీలో మా విభాగం, దాని ఇన్స్పెక్టరు సారు గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. నాకు నలభై ఆరేళ్లు వచ్చేదాకా అక్షరం రాదు. వేలిముద్ర వేసేవాణ్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక పనికిరాని ఇనుప పలక మీద సుద్దతో నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. "మేస్త్రిగారూ, ముక్క మంచిదో చెడ్డదో మీ చెయ్యి చెబుతోంది. ఆ చెయ్యే రాస్తే ఇంకా బాగుంటుంది కదా" అనేవారు. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చదువుతోనే. తప్పులుంటే నావి.

నా భార్య పోయి రెండేళ్లు. పిల్లలు లేరు. ఇప్పుడు ఉంటున్నది పోతిరెడ్డిపల్లిలో. ఇంట్లో రోజంతా మాట్లాడే పని లేకపోతే గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. సాయంత్రం పాల ప్యాకెట్టు అడగబోతే మొదటి మాట బయటికి రాదు. ఒకసారి దుకాణంవాడు జలుబు చేసిందా అని అడిగాడు. అవునన్నాను.

సారు, ఆయన భార్య, మా షాపులోనే లేతు మిషను నడిపిన మా బావ, ఈ ముగ్గురూ, ఉద్యోగాలు అయిపోయాక, నెలకోసారి గుడారం పట్టుకుని పోతారు. ఒకసారి మంజీర ఒడ్డు, ఒకసారి ఏదో గుట్ట, ఎక్కువసార్లు బావ తోట. రెండు రోజులు వండుకుని తిని వస్తారు. నా భార్య ఉన్నప్పుడు వాళ్లను చూసి నవ్వేవాణ్ని, ఇంట్లో పొయ్యి పెట్టుకుని బయట రాళ్ల మీద వండుకోవడమేంటని. ఆమె పోయాక నవ్వడం మానేశాను. నన్ను పిలుస్తారా అని చూసేవాణ్ని. అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు.

ఒకరోజు బావే వచ్చాడు. చేతిలో రెండు కత్తులు.

"బావా, సారు ఆన్‌లైన్ల తెప్పిచ్చిండు. రెండిట్ల ఒకటి ఉంచుకొని ఒకటి వాపస్ పంపాలె. ఇనుము సంగతి నీకే ఎరుక గదా, జెర చూసి చెప్పు. ఇగ ఈసారి నువ్వు గూడ మాతోటి వస్తున్నవ్. కత్తి నీది, కట్టెలు నీయి, పొయ్యి నీది."

"నాకేం తెలుస్తది కత్తుల గురించి?" అన్నాను.

"గిప్పుడు బతిమాలాల్నా నిన్ను? పెండ్లికొడుకువా?"

రెండూ మడతపెట్టేవి కావు. అలుగు పిడి లోపల దాకా ఒకే ఇనుము. జానెడు కన్నా కాస్త తక్కువ అలుగు. గుడారం పనికి ఆ కొలతే సరి. ఇంకా పొడవైతే ఉల్లిగడ్డ పొట్టు తీయలేం, ఇంకా పొట్టిదైతే కట్టె చీలదు. ఒకటి అద్దంలా మెరిసేది. రెండోది బూడిద రంగు, చూడటానికి వానలో తడిసినట్టుంది. సారుకు బూడిదరంగుది నచ్చిందట.

బావ వెళ్లగానే ఆకురాయి తీశాను. మెరిసేదాని మీద జారిపోయింది. బూడిదరంగుదాన్ని కొంచెం కొరికింది. పని ఐదు నిమిషాల్లో అయిపోయింది.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. ముగ్గురూ సారు ఇంట్లోనే ఉన్నారు, అందరి గొంతులూ వినబడుతున్నాయి.

"ఏం తేలింది మేస్త్రిగారూ?"

"సార్, మెరిసేది పాస్. మీకు నచ్చినది మెత్తన. పెరుగు గోసుకోవచ్చు దానితోటి."

బావ నవ్వు పెద్దగా వినబడింది. "సారూ, మీ జిందగీల మొదటిసారి మీ మాల్ రిజెక్ట్ అయింది!"

"అంత తొందరెందుకండీ," అన్నారు సారు, "ఇంకా వారం టైముంది. అన్ని పనులూ చేసి చూడండి. చూసిందల్లా కాగితం మీద రాయండి. రేపు మళ్లీ ఫోను చేస్తాం."

రేపు మళ్లీ ఫోను చేస్తాం అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఐదు నిమిషాల్లో తేలిన పనిని ఆరు రోజులు చేశాను. రోజుకొక్క పరీక్షే. ఒకరోజు కొబ్బరితాడు. ఇరవై ముక్కలు కోసి, వెంటనే టమాట కోసి చూశాను, తోలు నలగకుండా దిగుతుందా అని. ఒకరోజు చేతులకు నూనె రాసుకుని పిడి జారుతుందేమో చూశాను. ఒకరోజు ఉల్లిగడ్డలు. నా ఒక్కడి కూరకు ఒకటి చాలు, పదకొండు కోశాను. కోసినవన్నీ ఏం చేయాలో తెలియక మూడు రోజులు ఉల్లిగడ్డ కూరే తిన్నాను. ఆరు గంటలకు ఫోను వచ్చేది. ఐదున్నరకే మొహం కడుక్కుని కూర్చునేవాణ్ని. ఆ రోజు చేసింది చెప్పేవాణ్ని, వాళ్లు వాదించుకునేవాళ్లు, బావ నన్ను ఏడిపించేవాడు, సారు భార్య ఏం కూర చేసుకున్నారన్నయ్యగారూ అని అడిగేది. అబద్ధం చెప్పేవాణ్ని, రోజుకో కూర పేరు.

నాలుగో రోజు కోడి తెచ్చాను. మెరిసే కత్తితో తొడ కీలు దగ్గర కొంచెం తిప్పి కోశాను. కడిగి, అంచు వెంట గోరు నడిపితే ఒకచోట తట్టుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని ఎండలోకి తీసుకెళ్లి చూశాను. నువ్వుగింజంత పెచ్చు లేచింది. బూడిదరంగు కత్తితో అదే కీలు రెండో తొడకు కోశాను. ఏమీ కాలేదు. అంచు కాస్త వంగింది, రాయి మీద రెండుసార్లు రుద్దితే సరిపోయింది.

నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని రాస్తే అబద్ధం. మా పనిముట్లు తిరుగుతూ ఇనుమును కోసేవి, వాటికి గట్టిదనం కావాలి. కత్తికి దెబ్బ తగులుతుంది, మెలి పడుతుంది. దానికి కొంచెం మెత్తదనం ఉండాలి, లేకపోతే పెంకులా పోతుంది. నా ఆకురాయి ఇరవై తొమ్మిదేళ్లు ఒక్క ప్రశ్నే అడిగింది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు.

ఆ మాట ఆ సాయంత్రమే చెప్పాలి. కానీ మొదటి రోజే పాసన్నాను, సారుకు నచ్చినదాన్ని పెరుగు కోసుకొమ్మన్నాను. ఇప్పుడు తప్పైందంటే, ఇనుము సంగతి ఈయనకూ తెలియదన్నమాట అనుకుంటారు. ఇంక నన్ను ఎందుకు పిలుస్తారు? సానరాయి ముందర కూర్చుని గంటసేపు రుద్ది ఆ పెచ్చు కనబడకుండా చేశాను. ఫోను మోగింది.

"కోడి ఎట్ల తెగింది బావా?"

"మంచిగనే తెగింది."

కాగితం మీద కూడా అదే రాశాను. సారు బూడిదరంగు కత్తిని వాపసు పంపేశారు.

శనివారం సాయంత్రం తోటకు పోయాం. మామిళ్లు పూతమీద ఉన్నాయి. అన్నం తిని ఎనిమిదింటికే పడుకున్నాం, చాలా రోజుల తర్వాత పక్కన మనుషుల గురక విన్నాను. ఆదివారం తెల్లవారాక తోటకు కావలి ఉండే ముసలామె చూడటానికి వచ్చింది. నేను కత్తితో తుమ్మ కట్టె చీల్చబోతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంది పటేలా, గొడ్డలి లేదా మీ ఇంట్ల? కత్తితోటి కట్టె చీరుతరా ఎవలన్న?"

"గిది మామూలు కత్తి గాదు అవ్వా," అన్నాడు బావ. "మా బావ ఆరు దినాలు పరీక్ష పెట్టి పాస్ జేసిండు. నేను ఏడో తరగతి గూడ అంత కష్టపడి పాస్ గాలే."

రెండో దెబ్బకు విరిగింది. చప్పుడు పెద్దగా లేదు, గాజు చిట్లినట్టు. నా చేతిలో పిడి, నాలుగు వేళ్ల అలుగు మిగిలాయి. మొన ముక్క ఎగిరి పొయ్యి దగ్గరున్న సారు భార్య ముంజేతికి తగిలి కింద పడింది. రెండు వేళ్ల పొడవు గాటు. లోతు లేదు కానీ రక్తం బాగా వచ్చింది. ముసలామె కొంగు చింపి కట్టింది.

"ఏం కాలేదు అన్నయ్యగారూ, మీరు కూర్చోండి ముందు," అంది ఆమె నాతో. దెబ్బ తగిలింది ఆమెకు, కూర్చోబెట్టింది నన్ను.

సారు ముక్కను తీసి విరిగిన చోట వెలుతురుకు పెట్టి చూశారు. "మీ తప్పేం లేదు మేస్త్రిగారూ. సరుకే అంత. కంపెనీవాడికి రాస్తాను, మా మేస్త్రిగారు ఆరు రోజులు చూసి, ఎక్కడా లోపం కనబడలేదని రాసిచ్చారు, అయినా ఇలా అయిందని. మీ కాగితం కూడా పెడతాను."

నేను ఊరుకుంటే అయిపోయేది. వచ్చే నెల కూడా గుడారంలో నా చోటు ఉండేది. ఆమె చేతికి కట్టిన గుడ్డ ఎర్రబడుతోంది.

"సార్, నేను చూసిన," అన్నాను.

"ఏం చూశారు?"

"నాలుగో దినం పెచ్చు లేచింది. రాయి మీద రుద్ది తీసేసిన."

"రాయలేదా?"

"రాయలే."

"ఎందుకు?"

"ముందుగాల పాస్ అన్న గదా. మాట మార్చుడు ఎందుకని."

అది సగం మాట. మీరు సాయంత్రం ఫోను చేయడం ఆపేస్తారని భయపడ్డాను అన్న మాట నోటి దాకా వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి నలుగురి ముందర అలా ఎలా అంటాడు?

బావ ఏదో ఒక మాట విసిరి నవ్విస్తాడేమో అని అతని వైపు చూశాను. బావ కింద పడ్డ చీలికలు ఏరుతున్నాడు. సారు కోప్పడలేదు. ఉద్యోగంలో కూడా ఆయన ఎవరినీ కోప్పడేవారు కాదు. ఇంక మాట్లాడేవారు కాదు, అంతే. విరిగిన ముక్కను రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. సాయంత్రం దాకా ఉండాల్సినవాళ్లం తొమ్మిదింటికి గుడారం విప్పేశాం. పోతిరెడ్డిపల్లిలో నన్ను దించి, "మళ్లీ చెబుతాం" అన్నారు.

ఆ సాయంత్రం ఆరింటి ఫోను కోసం మొహం కడుక్కుని కూర్చున్నాను. మర్నాడూ కూర్చున్నాను. ఆమె చెయ్యి ఎలా ఉందో అడుగుదామని నేనే ఒకసారి చేశాను. ఆమె తీసింది, మానిపోయిందని చెప్పింది, ఏం కూర అని అడగలేదు. ఫాల్గుణంలో బావ ఒకసారి వచ్చి వాకిట్లోనే నిలబడి మాట్లాడాడు. పోయిన వారం మంజీర ఒడ్డుకు పోయామన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"సారు నీకు చెప్తనన్నడే. చెప్పలేదా?"

"మరిచిపోయి ఉంటడు తియ్."

"గట్లనే అయ్యుంటది," అన్నాడు. టీ తాగిపొమ్మంటే పని ఉందన్నాడు.

ఇంక పిలవరు. నాకు తెలుసు. చూసింది చూశానని చెప్పినందుకు బాధ లేదు, ఆ పని నాలుగో రోజే చేయనందుకు ఉంది. నాలుగో రోజు చెప్పి ఉంటే బావ ఒక నెల ఏడిపించేవాడు, అంతకన్నా ఏం కాకపోయేది. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఆదివారం తోటలో ఉన్నది ఐదుగురం: మా ఇన్స్పెక్టరు సారు, చేతికి దెబ్బ తగిలిన ఆయన భార్య, లేతు మిషను నడిపిన మా బావ, కొంగు చింపి కట్టు కట్టిన కావలి ముసలామె, నేను.