లోపల ఎవులైనా ఉన్నారేటి?

మా వీధి చివర గ్రిల్స్ షాపులో ఇనుము కోసేటప్పుడు కాలిన పెయింటు వాసన వస్తే నాకు ఆకలి వేస్తుంది. మల్లెపూలకు మైమరిచేవాళ్లను చూశాను గాని ఇలాంటి ముక్కును చూడలేదంటుంది మా ఆవిడ. ఆమెకేం తెలుసు, నేను చదువుకున్నవాణ్ణి. ఏడో తరగతి రెండుసార్లు చదివాను. కలిపితే పద్నాలుగు, అంటే డిగ్రీ రెండో సంవత్సరం. ఆ చదువుతోనే ఎనభైల మొదట్లో దుబాయ్ అని బయలుదేరి ఫుజైరాలో తేలాను. ఓడరేవు పక్కన పాత బార్జీలు, ఇంధన ట్యాంకులు కోసి తుక్కు చేసే యార్డులో గ్యాస్ కట్టర్ పని. అన్నం కూడా ఆ వాసనలోనే తినేవాళ్లం. అందుకే ఇప్పటికీ ఆ వాసన వెనకాలే అన్నం గిన్నె, గిన్నె వెనకాల అప్పన్న తాత వస్తాడు.

తాతది భీమునిపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. తెల్లదొరల కాలంలో ఓడల మీద ఖలాసీ. అరవై దగ్గరపడ్డాక వచ్చి మా ముఠాకు పెద్ద అయ్యాడు. అక్కడ పని అయిపోయిందనడానికి ‘ఖలాస్’ అంటారు. ముదీర్, అంటే మా మేనేజరు, ఖలాస్ అని కేక వేసినప్పుడల్లా తాత తననే పిలిచారనుకుని చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాడు. సంగతి నాకు తెలుసు. అయినా వారం దాకా చెప్పలేదు. పైగా ముదీర్ లేనప్పుడు నేనే రెండుమూడుసార్లు ఖలాస్ అన్నాను. తెలిశాక తాత కోప్పడలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మంట రంగు చూసి గ్యాస్ ఎంత తిప్పాలో నేర్పాడు. తనను ఉరికించినవాడికి పని నేర్పిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

మూసి ఉన్నది ఏది కోయాలన్నా తాత రెండు రోజుల ముందే మూతలన్నీ తీయించేవాడు. తీయగానే తల దూర్చొద్దని, తుప్పు లోపలి గాలిని తినేస్తుందని చెప్పేవాడు. మంట వెలిగించే ముందు స్పానరుతో మూడుసార్లు తట్టి, ‘‘లోపల ఎవులైనా ఉన్నారేటి?’’ అని అడిగి చెవి ఆనించేవాడు. అది చూస్తే మాకు నవ్వు. తాతకు డబ్బాల్లో చుట్టాలున్నారని నేను యార్డంతా చాటాను.

ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగితే చెప్పాడు. పెద్ద యుద్ధం అయిపోయాక తాత ఓడ ఎక్కడో చలిదేశపు రేవులో ఆగిపోయిందట. లొంగిపోయిన శత్రువుల జలాంతర్గాములు అక్కడ వరసగా కట్టేసి ఉన్నాయట. గెలిచినవాళ్లు కొన్నిటిని పంచుకున్నారు. మిగిలినవి ఎవరికీ వద్దు. ఒక్కొక్కదాన్నీ తాళ్లతో నడిసముద్రానికి లాక్కెళ్లి ముంచేయడమే. ఆ తాళ్లు లాగే ముఠాలో తాత ఒకడు. ఒక పొద్దున ముంచబోయే ఒకదాని లోపలి తలుపులు చూసి రమ్మంటే దిగాడట. ఇద్దరికి ఒకటే మంచం, చీకటి, పైన వలసంచిలో ఉల్లిపాయలు. ఆ చీకట్లోనే పచ్చగా మొలకలు వేశాయట. తాత వాటిని తెచ్చి వంటవాడికి ఇచ్చాడు.

‘‘దుష్మన్ ఉల్లిగడ్డలు తిన్నవా తాతా?’’ అన్నాను.

‘‘ఉల్లిపాయకి శత్రువేటిరా, గుంటడా.’’

అందరం నవ్వాం. తాతా నవ్వాడు. తర్వాత గిన్నె కింద పెట్టి మిగతాది చెప్పాడు. లాక్కెళ్తుంటే దారిలో ఆ జలాంతర్గామి లోపలి నుంచి టక్కు టక్కుమని చప్పుడు వినబడిందట. దొరకు చెబితే, ఏదో తలుపు ఊడి కొట్టుకుంటోంది పొమ్మన్నాడట. తాళ్లు వదిలారు, అది మునిగింది.

‘‘తలుపే అయ్యుంటాది,’’ అన్నాడు తాత. ‘‘అయినా నాను అడగనేదు గదా.’’

అంతటి మాట విన్నాక ఎవరైనా నోరు మూసుకుంటారు. నాకు మాత్రం ఉపాయం తట్టింది. ఈసారి తాత తట్టితే లోపల నుంచి ‘ఉన్నాను’ అనాలి. ఆయన ఎగిరిపడి నవ్వుతాడని, ఇన్నేళ్ల బరువు ఆ నవ్వుతో దిగిపోతుందని లెక్క వేశాను. నా లెక్కల సంగతి పైనే చెప్పాను.

పని తొందరని ముదీర్ ఒక ట్యాంకును మూతలు తీసిన రోజే కోయమన్నాడు. తాత వద్దంటున్నా వినలేదు. వాళ్ల వాదన సాగుతుండగానే నేను వెనక మూత తీసిన కంతలోంచి దిగి, మూతను నెత్తి మీదికి జరుపుకుని కూర్చున్నాను. కాసేపటికి తల బరువెక్కింది, కూర్చున్నచోటే ఒరిగిపోయాను. స్పానరు మూడుసార్లు మోగడం విన్నాను. తాత అడగడం విన్నాను. నోరు తెరిచాను గాని మాట రాలేదు. కట్టర్ వెలిగించే లైటరు చేతిలో ఉంటే దాన్నే ఇనుముకు ఒక్కసారి ఆనించినట్టు గుర్తు.

తర్వాతిది మా ముఠాలోని పఠాన్ చెప్పాడు. ఆ ఒక్క చప్పుడుకు తాత చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడట. ఎండకు ఇనుము అలాగే చప్పుడు చేస్తుంది, యల్లా, త్వరగా కానివ్వండన్నాడట ముదీర్. అంతవరకూ నోటితోనే వాదించిన తాత వెళ్లి సిలిండరు మూసేశాడు. కావాలంటే తనను ఇంటికి పంపించుకోమని, ముందు లోపల చూస్తానని అన్నాడు. మూతలన్నీ తెరిపించి, కంప్రెసరు గొట్టం లోపలికి పెట్టించి గాలి కొట్టించాడు. నడుముకు తాడు కట్టుకుని రెండో కొస పఠాన్‌కు ఇచ్చి దిగాడు. నన్ను చంకల కింద పట్టుకుని పైకి తెస్తూ, ‘‘అడిగేను గదరా, అడిగేను గదా,’’ అని ఒకటే మాట అంటున్నాడట.

నేను ఇప్పటికీ అందరినీ ఆటపట్టిస్తాను. కాకపోతే వేళాకోళం ఆడాక ఒక్క క్షణం ఆగి అవతలి మనిషి వైపు చెవి పెడతాను. నవ్వు రాకపోతే, ఏమైందని అడుగుతాను. అలా అడిగినందుకు కొందరు ఏడ్చారు, కొందరు స్నేహితులయ్యారు. ఇది తాత నుంచి వచ్చింది.

ట్యాంకులోంచి బయటపడ్డ ఆ సాయంత్రం మేముండే క్యాంపులో మంచం మీద పడి ఉన్నాను. తాత పక్కన కూర్చుని నా అరికాళ్లు రుద్దుతున్నాడు. క్షమించమని అడగాల్సింది. దానికి బదులు, ‘‘తాతా, ఆ మునిగినదాండ్ల ఎవ్వలు లేకుండెనే. ఉంటే నీ చెవికి తెల్వకపోవునా?’’ అన్నాను.

తాత అరికాలు మీద ఒక్కటి చరిచాడు.

‘‘మంచం మీద పడున్నోడివి, నువ్వు నన్ను ఓదార్చడమేటి? లెగు. ఎల్లుండి ఆ ట్యాంకు నువ్వే కొయ్యాల.’’