వెంకటలక్ష్మమ్మ గుండె పరుగు

ముప్పై రెండేళ్లు వచ్చేదాకా మా పెద్దమ్మ వెంకటలక్ష్మమ్మకు తన ఒంట్లో గుండె ఒకటుందన్న ధ్యాసే లేదు. తమిళనాడులో ధర్మపురి దగ్గరి కంబైనల్లూరు చుట్టుపక్కల బావులు తవ్వే కూలి ముఠాలో ఆమెది గంప మోసే పని. లోపల మగవాళ్లు రాయి పగలగొడితే, ఆడవాళ్లు ఆ ముక్కల్ని గంపలకెత్తుకుని బావి గోడకు చెక్కిన మెట్ల మీదుగా పైకి చేరవేయాలి. 1983లో వానలు మొహం చాటేశాయి. ఎక్కడ చూసినా ఉన్న బావిని లోతు చేయించుకునేవాళ్లే. ముఠాకు తెరిపి లేదు.

ఆ వేసవిలో ఒక ఉదయం, గంపతో సగం మెట్లు ఎక్కేసరికి ఆమె గుండె ఉన్నట్టుండి పరుగందుకుంది. మెల్లమెల్లగా పెరగలేదు, ఒక్కసారిగా ఎగిసింది. గంప దించి మెట్టు మీద కూలబడింది. ఒళ్లంతా చెమట. మెడలో నరం ఎగిరెగిరి పడటం పక్కనున్న వాళ్ల కంటికి కూడా కనిపించింది.

"ఏమాయనే?" అంటూ భర్త సెంగోడన్ కిందినుంచి పరిగెత్తుకొచ్చాడు.

"గుండె ఉరుకుతా ఉండాది. పట్టుకుంటే నిలవదు," అంది.

అరగంటకు, ఎలా వచ్చిందో అలాగే చటుక్కున తగ్గిపోయింది.

పది రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి అత్త పెరుమాయి ఊరుకోలేదు. దయ్యం పట్టిందని, మునియప్పన్ గుడి పూజారి వేడియప్పన్‌ను పిలిపించింది. ఆయన వస్తూనే కుండలోని చన్నీళ్లు దోసిలితో తీసి ఆమె ముఖాన కొట్టాడు. మూడో దోసిలికి ఆమెకు ఊపిరి బిగుసుకుంది. గుండె ఒక్క క్షణం నిలిచిపోయినట్టయి, ఆ వెంటనే మామూలుగా కొట్టుకోసాగింది.

వేడియప్పన్ ఆమెను తేరిపార చూశాడు. "దయ్యం కాదు పెరుమాయీ. అమ్మోరు వచ్చి పోతా ఉండాది," అన్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు బావి చుట్టూ పెద్ద గుంపే చేరింది. నోరెండిపోయి ఆమె "నీళ్లు... నీళ్లు..." అంది. తాగడానికి అడిగిందంతే. మర్నాడే ఆ బావిలో బండ కింద ఊట పడింది. ఇక ఊరు ఊరంతా అదే మాట.

పదమూడేళ్ల కాపురంలో "ఏమే" అని తప్ప పిలవని అత్త, "అమ్మా, కాపీ తాగుతావా?" అని అడగసాగింది. అందరికంటే ముందు గ్లాసు ఆమె చేతికే వచ్చేది. "అబద్ధం ఎందుకు చెప్పాల? నాకూ అది బాగానే ఉండె," అని పెద్దమ్మే నాతో అంది.

శుక్రవారాలు ఆమెను గుడి ముందు కూర్చోబెట్టసాగారు. ఏదో ఒకటి అడగడానికి జనం వచ్చేవాళ్లు. ఆమె ఏమీ తోచక తల వంచుకుంటే, ఆ మౌనానికి కూడా వేడియప్పన్ ఏదో అర్థం చెప్పేవాడు.

ఒక శుక్రవారం పెరియసామి అనే రైతు వచ్చాడు. మెట్ట చేలో కొత్త బావి తవ్వించాలని అతని ఆలోచన. అందుకోసం ఎద్దుల జత అమ్మడానికి బేరం కూడా కుదుర్చుకున్నాడు. "ఏ మూల తవ్వేది? నీ నోటితో చెప్పు తల్లీ. నువ్వు చెప్పినచోటే గునపం దించుతాను," అని చేతులు జోడించాడు.

నీళ్లు పడని గుంటల్లోంచి ఎన్నో గంపల రాయి మోసింది పెద్దమ్మ. ఆ గుంటల ఒడ్డున నిలబడిన రైతుల ముఖాలు ఆమెకు తెలుసు. "వచ్చే వారం చెప్తానన్నా," అని అప్పటికి తప్పించుకుంది. ఆ వారమంతా అన్నం సరిగా దిగలేదు.

మళ్లీ శుక్రవారం పెరియసామి ఇంకా రాకముందే గుండె పరుగు మొదలైంది. వేడియప్పన్ నీళ్లు కొట్టాడు. పొద్దుటినుంచి ఎండలో ఉన్న బిందె కావడంతో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. తగ్గలేదు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఆమె పెదాలు నల్లబడ్డాయి. జనం దండాలు పెడుతూనే ఉన్నారు.

సెంగోడన్ గుంపును తోసుకుని ముందుకొచ్చాడు. "చాలు సామీ. అమ్మోరయితే నా పెండ్లాన్ని ఇంత బాధ పెట్టదు," అని ఆమెను చేతుల మీదికెత్తుకున్నాడు. టమోటా లోడుతో పోతున్న లారీని ఆపి ధర్మపురి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడ ఒక డాక్టరమ్మ ఆమె ఛాతీకి వైర్లు తగిలించి కాగితం మీద గుండె గీతలు తీసింది. నిమిషానికి నూట తొంభై. "ఇదివరకు వచ్చినప్పుడు ఎట్లా తగ్గింది?" అని అడిగింది.

సెంగోడన్ సిగ్గుపడుతూ పూజారి సంగతి చెప్పాడు. డాక్టరమ్మ నవ్వలేదు. "చన్నీళ్లేనా?" అని మాత్రం అడిగి, నర్సు చేత బేసిన్‌లో ఐసు నీళ్లు తెప్పించింది. "ఊపిరి పీల్చి బిగబట్టు. ముఖం ముంచు," అంది.

పెద్దమ్మ ముంచింది. దగ్గర దగ్గరగా ఎగిరిపడుతున్న గీత ఒక్కచోట చదునైంది. తర్వాత గీతల మధ్య ఎడం వచ్చింది. ముఖం తుడుచుకుంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ తమిళంలో చెప్పినదాన్ని పెద్దమ్మ మన మాటల్లో నాకు ఇలా చెప్పింది: "తలలోనుంచి ఒక నరం మెడ పక్కగా దిగి గుండెకు, ఊపిరితిత్తులకు, కడుపుకు పోతాదంట. గుండెకు అది కళ్లెం మాదిరి. ముఖానికి చల్లన తగిలితే కళ్లెం లాగుతాది. దాని పేరు వేగస్. ఊరూరా తిరిగేదని అర్థమంట. మేము కూడా అట్లాంటోళ్లమే కదమ్మా అంటిని. అప్పుడు నవ్వింది ఆయమ్మ."

గుండెను కొట్టించే కరెంటు పోవడానికి లోపల ఒక అడ్డదారి ఉండటం వల్ల ఈ పరుగు వస్తుందని, దేవతా దయ్యమూ కాదని డాక్టరమ్మ చెప్పింది. వచ్చినప్పుడు కూర్చుని ముఖానికి చన్నీళ్లు పట్టాలి, లేదా కాన్పులో ముక్కినట్టు గట్టిగా ముక్కాలి. మెడ మాత్రం నొక్కుకోకూడదు. పావుగంటకు తగ్గకపోయినా, కళ్లు తిరిగినా, ఛాతీ నొచ్చినా నేరుగా ఆసుపత్రికి రావాలి. పొద్దున ఉత్త టీతో పనిలోకి దిగకుండా సంగటో గంజో తాగాలి. తీరిక ఉన్నప్పుడు ఊపిరి మెల్లగా తీసుకుని, అంతకంటే మెల్లగా వదలాలి. "దాంతో ఈ జబ్బు పోతుందని చెప్పను. ఒళ్లు నిమ్మళిస్తుంది," అందట.

ఊరికి తిరిగిరాగానే పెద్దమ్మ మొదట పెరియసామి ఇంటికి పోయింది. "నాకు నీళ్ల సంగతి తెలీదన్నా. నాది గుండె జబ్బు. నా మాట నమ్మి ఎద్దుల్ని అమ్ముకోవద్దు," అని చెప్పేసింది. అతను బేరం వదులుకుని ఎద్దుల్ని ఉంచుకున్నాడు. ఉన్న పాత బావినే పెద్దమ్మ వాళ్ల ముఠా చేత కొంత లోతు చేయించుకున్నాడు. నీళ్లు రోజుకు ఒక పూట చేను తడపడానికి సరిపడా పడ్డాయి.

వేడియప్పన్‌కు సంగతి చెబితే ఆయన గడ్డం గోక్కున్నాడు. "నరమో ఏమో. నీళ్లు కొట్టింది నేనే కదా?" అన్నాడు.

"నువ్వే సామీ. అది మరచిపోను," అంది పెద్దమ్మ.

పెరుమాయి మాత్రం ఎనిమిది రోజులు నోరు విప్పలేదు. మొదటి గ్లాసు కాపీ మళ్లీ సెంగోడన్ చేతికి పోయింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, కోడలు అరుగు మీద కళ్లు మూసుకుని ఊపిరి వదులుతుంటే ముసలామె వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమే, ఆ ఊపిరి సంగతి నాకు కూడా చెప్పు. మీ మామ పోయినప్పటినుంచి నాకు కన్ను మూతపడదు," అంది.

అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా పెద్దమ్మకు ఆ సంగతి తెలియదు. నాలుగు లెక్క పెడుతూ పీల్చమని, ఆరు లెక్క పెడుతూ వదలమని చెప్పింది. ముసలామెకు లెక్క కుదరలేదు, మధ్యలో విసుక్కుంది. "అట్లయితే నోరు మూసుకుని ఊఁ అని సాగదీయి అత్తా," అంది పెద్దమ్మ. పెరుమాయి ఊఁ అంటూ అంటూ, తన పడుచుతనంలో ఆడవాళ్లంతా దిమ్మిసలతో నేల గట్టి చేస్తూ పాడుకునే పాట రాగంలోకి జారిపోయింది. మాటలు లేవు, రాగమొక్కటే. కోడలు కూడా కలిపింది. కాసేపటికి ముసలామె గోడకానుకుని కునుకు తీసింది. పెద్దమ్మ లేస్తే చప్పుడవుతుందని పొయ్యి వెలిగించే వేళదాకా అక్కడే కూర్చుంది.

తర్వాతి ఏడాది పెద్దమ్మ గంప వదిలి, బడి పిల్లల మధ్యాహ్న భోజనం వండే చోట పనికి చేరింది. గుండె పరుగు ఏడాదికి రెండుమూడుసార్లు వచ్చేది. పోయేది. ఒకసారి తగ్గకపోతే తనే బస్సెక్కి ధర్మపురి పోయి సూది వేయించుకుని వచ్చింది. పెరుమాయి ఆమెను మళ్లీ ఎన్నడూ అమ్మా అని పిలవలేదు. మధ్యాహ్నం పూట మాత్రం అరుగు మీద ఇద్దరి రాగమూ వినిపించేదని ఆ వీధివాళ్లు ఇప్పటికీ చెబుతారు.