గోజో లేసు, అత్తయ్య చేతులు

ఐర్లండ్‌కు వచ్చి, లూకన్‌లో ఇల్లు కొనుక్కున్న మొదటి వేసవిలో మా పక్కింటామె నాకు కాస్త వింతగా కనిపించింది. ఎండ కాసిందంటే ఇక్కడ అందరూ పెరట్లోకి వెళ్లిపోతారు. ఆవిడ మాత్రం వీధివైపు కుర్చీ వేసుకుని, దారినపోయే ప్రతివాళ్లనీ పలకరించేది. ఎనభై దాటిన మనిషి. మాల్టా పక్కన గోజో అనే చిన్న దీవిలో పుట్టి, అక్కడికి సెలవులకు వచ్చిన ఐరిష్ ఆయన్ని పెళ్లాడి ఇక్కడికి వచ్చేసింది. ఆయన పోయి కొన్నేళ్లయింది.

పగటిపూట తలుపు మూసి ఉంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుంటారట వాళ్ల ఊళ్లో. అన్నీ పసుపురాతి ఇళ్లు. మగవాళ్లు సముద్రపు ఒడ్డున బండరాయిని మళ్లలా తొలిచి ఉప్పు పండించేవారు. ఆడవాళ్లు మధ్యాహ్నం సందులో నీడ పడగానే గుమ్మాల ముందు చేరి లేసు అల్లేవారు. ఇవన్నీ ఆవిడ నిన్ననే అక్కణ్ణించి వచ్చినట్టు చెప్పేది.

మరుసటి వేసవికి మా అత్తయ్య నరసాపురం నుంచి వచ్చారు. ఆవిడా వయసులో ఉన్నప్పుడు ఏళ్ల తరబడి లేసు అల్లినవారే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, నాలుగు డబ్బులు చేతిలో పెట్టి అల్లినదంతా పట్టుకుపోయేవాడు. ఇక ఆ కొక్కెం సూది ముట్టుకోనని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నారు.

ఒకరోజు పక్కింటామె మమ్మల్ని టీకి పిలిచింది. హాల్లో గోడకు ఆనించి, దుప్పటి కప్పిన పొడవాటి దిండు ఒకటి ఉంది. అదేమిటని అడిగితే దుప్పటి తీసింది. గడ్డి కూరిన దిండు, దాని నిండా గుండుసూదులు, వాటి మధ్య సగం అల్లిన లేసు. దారాల చివర చిన్న చిన్న చెక్క కండెలు వేలాడుతున్నాయి. వాళ్ల ఊరి చర్చిలో బలిపీఠం మీద పరిచే గుడ్డకు అంచు అది. భర్త జబ్బుపడినప్పుడు ఆపేసింది. తరవాత వేళ్ల కణుపులు వాచి, కండెల మీద పట్టు దొరకడం లేదు. ఊళ్లో ఉన్న మేనకోడలు ఏటా అడుగుతుందట, ఈవిడ ఏటా వచ్చే ఏడు అంటుందట.

అత్తయ్య లేచి వెళ్లి దిండు మీదకి వంగారు.

"సూదేదే? సూది లేకుండా ఎలా అల్లిందీవిడ?" అని నన్నడిగారు.

నేను ఇంగ్లిషులో చెప్పేలోపే పక్కింటామె నాలుగు కండెలు తీసుకుని, నెమ్మదిగా ఒకదాని మీదుగా ఒకటి దాటించి చూపించింది.

ఆ మర్నాటి నుంచి అత్తయ్య మధ్యాహ్నం భోజనం కాగానే ఆ కండెల పని నేర్చుకుని అంచు పూర్తి చేయడానికి అక్కడికి వెళ్లిపోయేవారు. మొదట్లో మాటలు విప్పి చెప్పడానికి నేనూ కూర్చున్నాను. కొన్నాళ్లకు నా అవసరం లేకపోయింది. ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లిషులో మాట్లాడుకుంటూనే ఉండేవారు.

ఒకరోజు అత్తయ్య ముఖం మాడ్చుకుని వచ్చారు. సూదితో అల్లేటప్పటి అలవాటు కొద్దీ దారం బిగించి లాగారట. పక్కింటామె జానెడు అల్లిక విప్పించింది.

"ఈ వయసులో నాకు పాఠాలా? రేపట్నించి ఎల్లను" అన్నారు.

పొద్దున్నే పక్కింటామె నారింజ కేకుతో మా గుమ్మంలో నిలబడింది. అత్తయ్యకు చెప్పమని నాతో ఇలా అంది. "మా అమ్మ కూడా నాతో ఇలాగే విప్పించేది. నేను ఏడ్చేదాన్ని. చర్చిలో ఈ అంచునెవరూ పట్టించుకోరు. కానీ మా సందు ఆడవాళ్లు దగ్గరకొచ్చి మరీ చూస్తారు."

అత్తయ్య అంతా విన్నారు. "ఆళ్లమ్మ కూడా విప్పించేదంటనా?" అని, చెప్పులేసుకుని ఆవిడ వెంట వెళ్లారు.

వేసవి ముగిసేలోపు అంచు పూర్తయింది. మేనకోడలికి పంపాము. ఊరి చర్చి పండుగనాడు పక్కింటామె మా ఇంటికే వచ్చింది. అత్తయ్య పులిహోర చేశారు. మేనకోడలు ఫోన్‌లో చూపిస్తున్నది మా టీవీలో పెట్టాము. ఎర్ర పట్టు తెరలు, వెండి దీపాలు, ఎక్కడ చూసినా పూలు. మా లేసు మాత్రం పూలకుండీల వెనక బెత్తెడు కనిపించిందేమో.

"ఆ కుండీ కాస్త పక్కకి జరపమనవే" అన్నారు అత్తయ్య.

నేను చెప్పగానే పక్కింటామె కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

ప్రార్థన అయ్యాక మేనకోడలు ముందుకు వెళ్లి అంచంతా చూపించింది. ముసలామెలు ముగ్గురు నలుగురు దాన్ని వేళ్లతో తడిమి, వాళ్ల భాషలో ఏదో అడిగారు. పక్కింటామె మా వైపు తిరిగింది.

"నా అల్లిక ఎక్కడ ఆగిందో, ఈమెది ఎక్కడ మొదలైందో వాళ్లకు తెలియడం లేదట" అని చెప్పింది. తరవాత అత్తయ్య చేయి పట్టుకుని, "గ్రాండ్" అంది.

బాగుందనడానికి ఇక్కడివాళ్లు వాడే ఆ మాట అత్తయ్యకు అప్పటికే వచ్చు. ఆవిడ పళ్లెంలో మరికాస్త పులిహోర వడ్డించారు. ఆ ఊరి వాళ్లు అత్తయ్యను తప్పకుండా రమ్మంటున్నారని మేనకోడలు చెప్పింది. అక్కడ ఉక్కపోత ఎక్కువా అని అత్తయ్య అడిగారు. నరసాపురమంత ఉండదని నేనంటే, అయితే వచ్చే వేసవికి టికెట్లు చూడమన్నారు.